రేడియేటర్‌లో జొన్నపిండి

ఇంత ఆలస్యంగా చదువుకున్నావేమమ్మా అని అడిగినవాళ్ళకు చాలాకాలం ఒకటే జవాబు చెప్పాను. మా రోజుల్లో ఆడపిల్లలను బడికి పంపేవాళ్ళు కాదు అని. అందరూ నమ్మే జవాబు అది. విన్నవాళ్ళు తలూపి, పాపం అని, వేరే మాటలోకి పోయేవాళ్ళు. అబద్ధం కాదు గాని పూర్తి నిజం కూడా కాదు. నన్ను బడికి పంపారు. కారులో పంపారు. ఆ కారు బడిదాకా పోలేదు.

వయోజన విద్య క్లాసులో కూర్చొని నా చేతితో నేను ఒక వాక్యం రాయగలిగే నాటికి జుట్టు మొత్తం తెల్లబడింది. అక్షరాలు వచ్చాక కూడా ఈ సంగతి వెంటనే రాయలేదు. అప్పటికి అన్నయ్య బతికే ఉన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకొని, నేను రాసిన ప్రతి కాగితమూ అడిగి తీసుకొని, తప్పులు దిద్ది ఇచ్చేవాడు. ఇది రాస్తే దీన్నీ దిద్దేవాడు. ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు గనుక రాస్తున్నాను.

మాది గురజాలకు దగ్గర పల్లె. నాకు ఊహ తెలియకముందే పెళ్ళయింది. కాపురానికి పోకముందే ఆ సంబంధం చావుతో ముగిసింది. నాన్న పోయాక ఇంటికి పెద్ద అన్నయ్య. ఆయన ఇంట్లో నేను గొడ్లు, పాలు, వంట, వదిన పిల్లలు, అన్నీ చూసుకుంటూ ఉండేదాన్ని. నాకు అక్కడ తిండికీ బట్టకూ లోటు లేదు. ఈ మాట కూడా రాయాలి. లేకపోతే అన్యాయం చేసినదాన్ని అవుతాను.

యుద్ధం రోజుల్లో పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. కారు ఉన్నవాళ్ళకు కారు బరువైంది. నరసరావుపేటలో ఒక కాంట్రాక్టరు తన పాత కారు వదిలించుకుంటుంటే అన్నయ్య కొనుక్కొచ్చాడు. పైన గుడ్డ టాపు, ముందు భాగంలో తళతళలాడే ఇత్తడి. మా చుట్టుపక్కల పల్లెల్లో ఇంకెవరికీ కారు లేదు. ఆయనను ఊళ్ళో పేరు పెట్టి పిలవడం మానేసి "కారు బాబాయి" అనడం మొదలుపెట్టారు. అది విన్నప్పుడల్లా ఆయన నడక మారేది.

మొదటిసారి అది ఆగిపోయినప్పుడు ఎడ్లను కట్టి నరసరావుపేటలో కార్లు బాగుచేసే సాయిబు షెడ్డుదాకా లాక్కుపోయారు. అన్నయ్య అక్కడే స్టూలు వేసుకొని కూర్చొని పని అంతా చూశాడు. తిరిగొచ్చేటప్పుడు సొంతానికి స్పానర్ల సంచి ఒకటి కొనుక్కొచ్చాడు.

"సాయిబు చేసిందేముందే? నాలుగు మరలు విప్పాడు, ఊదాడు, మళ్ళీ బిగించాడు. మన ఎడ్లబండి ఇరుసు మనం మార్చుకోవట్లా? ఇదీ అంతే" అన్నాడు వదినతో.

ఆనాటి నుంచి మా వాకిలే షెడ్డు. సహాయం నేను. ఆయన కారు కింద దూరి చెయ్యి బయటికి చాస్తే నేను స్పానరు అందించాలి. విప్పిన మరలన్నీ చేటలో పోసి కిరసనాయిలుతో కడగాలి. నా చేతులు సన్ననివి గనుక ఆయన చెయ్యి పట్టని సందుల్లో నేనే మర బిగించాలి. ప్రతిసారీ బిగింపు అయ్యాక చేటలో ఒకటో రెండో మరలు మిగిలేవి.

"ఇవెక్కడివి అన్నయ్యా?"

"ఆ దొరలు ఎప్పుడూ నాలుగు ఎక్కువే పెడతారులే. దాచిపెట్టు."

నేను వాటిని ఉప్పుకుండ పక్కన ఒక ముంతలో దాచేదాన్ని. ఆ ముంత నిండుతూ వచ్చింది. అంత చాకిరీ చేసినా ఆ కారులో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. నన్ను ఎక్కించుకొని పోవాల్సిన చోటు ఏదీ ఎవరికీ తోచలేదు.

ఒకనాడు గుంటూరు నుంచి ఖద్దరు చీర కట్టుకున్న ఒక పెద్దావిడ చందాలకు మా ఊరు వచ్చింది. నాలాంటి ఆడవాళ్ళకు చదువు, కుట్టుపని నేర్పి, తిండి పెట్టి ఉంచుకునే సదనం ఒకటి అక్కడ నడుపుతోందట. మా అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగుతూ నా చేతి నుంచి చెంబు అందుకునేటప్పుడు నా మొహంలోకి చూసింది. అట్లా ఎవరైనా చూసి చాలా ఏళ్ళయింది.

"చదువుకుంటావామ్మా?" అంది.

నేను అన్నయ్య వైపు చూశాను. అరుగు నిండా ఊరి పెద్దలున్నారు. అన్నయ్య మీటింగులకు పోయే మనిషి. స్త్రీలు చదువుకోవాలని నరసరావుపేటలో లేచి నిలబడి మాట్లాడి వచ్చినవాడు.

"ఎందుకు చదువుకోదూ? నా కారులో నేనే తీసుకొచ్చి మీ వాకిట్లో దింపుతా" అన్నాడు.

పెద్దావిడ సంతోషించింది. విజయదశమి నాడు కొత్తవాళ్ళకు అక్షరాలు దిద్దిస్తారట. ఆ రోజు దీపాలు పెట్టే వేళకు వచ్చినవాళ్ళకే చోటు. తర్వాత వస్తే మళ్ళీ దసరాదాకా ఆగాలి. పాతికేళ్ళు నిండినవాళ్ళను మాత్రం తీసుకోరు. నా వయసు ఎక్కడా రాసి లేదు. అమ్మ బతికున్నప్పుడు చెప్పిన లెక్క ప్రకారం అది నాకు ఆఖరి దసరా.

పెద్దావిడ వెళ్ళాక వదిన ఒక్కటే అడిగింది. "మరి గొడ్లెవరు చూస్తారు?"

"పాలేరు చూస్తాడులే."

"పాలేరు పిల్లలకి జడలేస్తాడా?"

అన్నయ్య నవ్వేశాడు. వదిన నవ్వలేదు. అయినా తర్వాత తనే నా మూట కట్టింది. రెండు తెల్ల చీరలు, అందులో ఒకటి కొత్తది. అటుకులు, బెల్లం. అన్నయ్య గురజాల సంతలో చెక్క చట్రం ఉన్న పలక, బలపాలు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ పలకను నేను తడిగుడ్డతో తుడిచి తుడిచి పెట్టుకునేదాన్ని. ఇంకా ఏమీ రాయకముందే.

దుర్గాష్టమి నాడు ఇంట్లో పండగ తోముడు. మా నేల కింద అంతా సున్నపురాయి. ఆ బావినీళ్ళు కాచీ కాచీ రాగి కాగు లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. చింతపండు నానబెట్టి రుద్దితే ఆ పెచ్చు లేచొస్తుంది. ప్రతి దసరాకూ చేసే పనే. కాగు తోమాక అదే చింతపండుతో కారు ముందు ఇత్తడి కూడా తోమమన్నాడు అన్నయ్య, ఆయుధ పూజకు మెరవాలని. నేను తోముతుంటే ఆయన తోమి పెట్టిన కాగు లోపలికి తొంగి చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఏమే, ఇంత పెచ్చూ చింతపండుకి ఊడొచ్చిందా?"

"వస్తుంది అన్నయ్యా, నానితే."

"మరి ఆ రేడియేటర్‌లో పోసేదీ ఈ నీళ్ళేగా. లోపల సన్న గొట్టాలుంటై. వాట్లోనూ ఇట్టాగే కట్టుంటది. అందుకే ఈ మధ్య తొందరగా వేడెక్కుతాంది!"

కారు ముందు ఉండే నీళ్ళతొట్టిని రేడియేటర్ అంటారు. ఇంజను వేడిని ఆ నీళ్ళు లాక్కుంటాయి. ఆయన ఊహ తప్పు కాదు. వదిన పండగ పులిహోరకు నానబెట్టిన చింతపండు కూడా తీసుకుపోయి, వేడినీళ్ళలో పిసికి, గుడ్డలో వడగట్టి రేడియేటర్‌లో పోశాడు. హ్యాండిల్ తిప్పి ఇంజను నడిపించాడు. సాయంత్రానికి కింద గొట్టం విప్పితే మజ్జిగపులుసు లాంటి నీళ్ళు, వాటి వెంట తెల్లటి పెచ్చులు. అన్నయ్య ఆ పెచ్చులను అరచేతిలో పోసుకొని వీధిలోకి పోయి అందరికీ చూపించాడు.

"సాయిబుకి తెలుసా ఈ కిటుకు? మా వంటింట్లో పుట్టిందిరా ఇది!"

మహర్నవమి తెల్లవారి చూస్తే కారు కింద నేల తడిసి ఉంది. మళ్ళీ నీళ్ళు పోశాడు. ముందువైపు నుంచి, పక్కల నుంచి, కింద నుంచి, ఎక్కడ చూస్తే అక్కడ చుక్కలు. పాత తొట్టికి ఎప్పటి నుంచో చిల్లులున్నాయి. ఆ సున్నపు పెచ్చే ఇన్నేళ్ళూ వాటిని మూసిపెట్టింది. మేము దాన్ని కడిగేశాం.

అన్నయ్య గబగబా లోపలికి పోయాడు. స్పానర్ల సంచి పూజ గదిలో ఉంది. పారలు, కొడవళ్ళు, నాగలి కర్రు, వాటి పక్కన స్పానర్లు వరసగా పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి, పైన బంతిపూలు వేసి ఉన్నాయి. పురోహితుడు వచ్చి వెళ్ళి అరగంట కాలేదు.

"చెయ్యి తియ్యి" అంది వదిన గడపలో నిలబడి.

"ఒక్క స్పానరేనే. తీసి మళ్ళీ అక్కడే పెడతా."

"బొట్టు పెట్టిన ఇనుం రేపు ఉద్వాసన చెప్పిందాకా కదపగూడదు. ఆ బండి కిందికి దూరేది నువ్వు. నీ ఛాతీ మీద పడితే నేనేం కావాలి?"

మూఢనమ్మకాల మీద మీటింగుల్లో మాట్లాడే అన్నయ్య ఆ మాటకు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను ఆయనను తప్పుపట్టను. కారు కింద వెల్లకిలా పడుకున్న మనిషి భయం ఎట్లాంటిదో స్పానరు అందించినదాన్ని, నాకు తెలుసు.

స్పానరు లేకుండా ఏం చేయవచ్చా అని కాసేపు వాకిట్లో తిరిగాడు. అప్పుడు ఆయనకు ఎప్పుడో ఒక లారీ డ్రైవరు చెప్పిన మాట గుర్తొచ్చింది. చిల్లిపడ్డ రేడియేటర్‌లో దోసెడు పిండి పోస్తే అది పోయి చిల్లుల్లో ఇరుక్కుంటుందట. మా ఇంట్లో ఉన్నది జొన్నపిండి. దోసెడుతో ఆయనకు నమ్మకం కుదరలేదు. శేరు తెచ్చి నిండుగా పోశాడు.

సాయంత్రానికి చుక్కలు తగ్గాయి. తెల్లవారి చూస్తే నేల పొడిగా ఉంది.

"చూశావా?" అన్నాడు నాతో. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంది. నాకూ ధైర్యం వచ్చింది.

ఉద్వాసన చెప్పడానికి పురోహితుడు వచ్చేసరికి బాగా పొద్దెక్కుతుంది. అప్పుడు బయలుదేరితే దీపాల వేళకు గుంటూరు చేరలేం.

"స్పానర్లు లేకుండానా అన్నయ్యా?" అన్నాను.

"పిండి పట్టేసిందిగా. ఇంక వాటితో పనేముంది?"

రైలు మాట అప్పుడే ఎత్తాను. గురజాల స్టేషన్లో ఎక్కితే గుంటూరులో దిగవచ్చు. ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఊరందరి ముందు కారులో దింపుతానని చెప్పి రైలెక్కిస్తానా? నవ్వరూ?"

కారుకు బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధిలో వాళ్ళంతా వచ్చారు. నేను ముందు సీటు దగ్గర నిలబడి ఉంటే పక్కింటి పిన్ని అరిచింది.

"ఒరేయ్, దాన్ని ఎనక కూచోబెట్టరా! దశమి పూట ఆ మొహం ముందు పెట్టుకొని పోతావా?"

నేను వెనక కూర్చున్నాను. శుభానికని వదిన చెంబుతో నీళ్ళు పట్టుకొని ఎదురు వచ్చింది. కారు కదిలింది.

ఆ దారి గురించి ఒక్కటి చెప్పుకోవాలి. పిడుగురాళ్ళ చేరేవరకు నేను చాలా సంతోషంగా ఉన్నాను. గాలికి ముసుగు నిలవడం లేదు. పలకను ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకున్నాను. మిరప చేలు, రాళ్ళ గుట్టలు, గొర్రెల మందలు వెనక్కి పోతుంటే, ఇవన్నీ మళ్ళీ చూసేటప్పటికి వీటి పేర్లు రాయడం నాకు వచ్చి ఉంటుంది అనుకున్నాను.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర కారు ముందు నుంచి ఉడుకుతున్న వాసన వచ్చింది. జొన్న అంబలి కాగినప్పుడు వచ్చే వాసన. నేను గుర్తుపట్టాను. చెప్పేలోపే మూత ఎగిరిపోయింది. తెల్లటి అంబలి బుడగలు బుడగలుగా పొంగి, ఇత్తడి మీద నుంచి, బంతిపూల దండ మీద నుంచి కారింది. కారు ఆగిపోయింది.

బట్టీల్లో పనిచేసే ఆడా మగా రాళ్ళ తట్టలు దించి వచ్చారు. ముందు భయపడ్డారు. తర్వాత ఒక నడివయసు ఆవిడ వంగి వేలితో తీసి వాసన చూసింది.

"వామ్మో, ఇది అంబలే!"

"ఏంది దొరా, పండగ పూట కారుకి అంబలి పోశావా?" అన్నాడొకడు.

"పాపం ఆకలేసుంటదిరా."

"ఉప్పేశావా దొరా? ఏస్తే మాకూ ఓ ముంతడు పొయ్యి."

అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. చొక్కా మోచేతులదాకా మడిచి, ఎడ్లను అదిలించినట్టు వాళ్ళను అదిలించి, పని మొదలుపెట్టాడు. కింద గొట్టం విప్పాలి. స్పానరు లేదు. బట్టీ మేస్త్రీ రాళ్ళు పట్టుకునే పట్టకారు తెచ్చి ఇచ్చాడు. దానితో గింజుకొని గింజుకొని మర విప్పాడు. అంబలి గడ్డలు గడ్డలుగా పడింది. నీళ్ళు పోసి, పుల్లతో పొడిచి, ఊది, మళ్ళీ పోసి, చాలాసేపటికి తొట్టి ఖాళీ అయింది. పిండి పోయింది. చిల్లులు మిగిలాయి.

ఎడ్లబండి మీద పోతున్న ఒక ముసలాయన ఆగి చూసి, "బయలెల్లేటప్పుడు ఎవరెదురొచ్చారో ఏందో" అని బండి తోలుకుపోయాడు.

ఎదురొచ్చింది వదిన. అన్నయ్య చూసింది నా వైపు. ఒక్క క్షణమే చూశాడు.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. నేను కారు దిగి ఆయన దగ్గరికి పోయాను. "అన్నయ్యా, ఇక్కడ స్టేషనుంది గదా. మధ్యాహ్నం బండికి గుంటూరు పోతాను. ఈ బట్టీ ఆవిడను తోడు పంపు. నువ్వు కారు బాగుచేసుకొని రా."

"నడిరోడ్డు మీద కారొదిలి చెల్లెల్ని కూలోళ్ళతో రైలెక్కించానని తెలిస్తే మన ఊళ్ళో తలెత్తుకుంటానా? ఓ గంటలో అయిపోద్ది. నువ్వెళ్ళి కూర్చో."

ఆయన కంఠంలో కోపం లేదు. అదే నన్ను ఆపేసింది. కోపం ఉంటే ఏమన్నా అనేదాన్నేమో.

అప్పుడే ఆయనకు కొత్త ఊహ వచ్చింది. ఎదురుగా బట్టీలో తాజా సున్నం. మిద్దెలకు గచ్చు చేసేటప్పుడు సున్నంలో బెల్లం, కోడిగుడ్డు సొన కలుపుతారు. ఆరితే రాయి అవుతుంది. మిద్దె కారకుండా ఆపేది, రేడియేటర్ కారకుండా ఆపదా?

"బెల్లం కావాలి" అన్నాడు చుట్టూ చూస్తూ. తర్వాత నా వైపు చూశాడు. "నీ మూటలో ఉంది గదే!"

మూట విప్పి బెల్లం ఇచ్చాను. నడివయసు ఆవిడ తన గుడిసెలో నుంచి రెండు గుడ్లు తెచ్చింది.

"కలపడానికి చదునుగా ఏదన్నా కావాలే. రాయి మీదైతే ఇసక అంటుద్ది." ఆయన చూపు నా చంకలోకి పోయింది. "ఆ పలక ఇటియ్యి. కడుక్కోవచ్చులే."

పలక ఇచ్చాను. దాని మీద సున్నం, బెల్లం, గుడ్డు సొన వేసి ఎర్రటి బురదలాగా మర్దించాడు.

"పూశాక పైన చుట్టడానికి గుడ్డ పేలికలు కావాలే."

పాత చీర అడుగున ఉంది. పైనున్నది కొత్తది. నేను అడుగున ఉన్నదాన్ని తీసేలోపే ఆయన కొత్తదాని కొంగు పట్టి బర్రున చించాడు. ఆ చప్పుడుకు నడివయసు ఆవిడ నా మొహం చూసింది.

"ఏడకి పోతన్నావమ్మా?"

"గుంటూరు. చదువుకోడానికి."

ఆవిడ కారు వైపు చూసి, "ఈ కారులోనా?" అంది.

పూత పూసి, పేలికలు చుట్టి, ఎండలో ఆరబెట్టాడు. ఆరుతుండగా మధ్యాహ్నం బండి వచ్చింది. స్టేషను అక్కడికి కనపడదు. కూత వినపడింది, ఆగింది, మళ్ళీ కూత వినపడింది. కట్ట మీద పెట్టెలు ఒకటొకటిగా గుంటూరు వైపు పోవడం మాత్రం కనపడింది. అన్నయ్య తల ఎత్తలేదు. గోరుతో పూతను నొక్కి చూస్తున్నాడు.

పొద్దు వాలేవేళకు అది నిజంగానే రాయి అయింది. నీళ్ళు పోశాడు. ఒక్క చుక్క కారలేదు. హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. బట్టీవాళ్ళు కేకలు వేశారు. పొద్దుననగా నవ్వినవాళ్ళే ఇప్పుడు, "దొర గట్టోడురా" అన్నారు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. మేస్త్రీని ఎక్కించుకొని రోడ్డు మీద అటు చివరిదాకా పోయి వచ్చాడు. తర్వాత ఇంకొకరిని. తర్వాత పిల్లల గుంపును. నేను మూట పట్టుకొని కంకర కుప్ప పక్కన నిలబడ్డాను. ప్రతిసారీ నా ముందు నుంచి పోతూ ఆయన చెయ్యి ఊపాడు. నేను కూడా ఆయన సంతోషంలో ఉన్నానని అనుకున్నాడు.

ఆఖరికి ఒక పుల్ల ముంచి పెట్రోలు ఎంతుందో చూశాడు. "ఇంటిదాకా సరిపోద్ది. ఎక్కు, ఎక్కు. జమ్మి పూజకి అందుకుంటాం. ఊళ్ళో అందరూ ఒకచోటే ఉంటారు, చూపిద్దాం" అని కారును మా ఊరి వైపు తిప్పి నిలిపాడు.

నేను ఎక్కలేదు.

"ఏందే?"

"గుంటూరు" అన్నాను.

అన్నయ్య నా వైపు చూశాడు. నా చేతిలో మూట చూశాడు. ఆయన మొహంలో జరిగింది నేను అప్పుడే గుర్తుపట్టాను, ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయన నన్ను మోసం చేయాలని చూడలేదు. వదిన మాట విని మనసు మార్చుకోలేదు. ఏ ఆలోచనా లేదు. ఆయన మరిచిపోయాడు, అంతే. పొద్దుటి నుంచి ఆ కారును ఎందుకు బాగుచేస్తున్నాడో, ఆ చించిన చీర ఎవరిదో, ఆ పలక దేనికో.

"అబ్బ" అన్నాడు. కొంచెంసేపు స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు. "ఇప్పుడు బయలెల్లినా ఏ అర్ధరాత్రికో గాని చేరం. పెట్రోలూ లేదు. వచ్చే దసరాకి పోదాంలే. సరేనా? వచ్చే దసరా ఎంతలోకి వస్తది."

నేను ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను.

జమ్మి పూజ దగ్గర ఊరంతా ఉంది. అన్నయ్య కారు దిగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. పట్టకారుతో మర విప్పడం, గచ్చు కలపడం, ఒక్క తిప్పుకే ఇంజను అందుకోవడం. ఆ కథ ఆయన జీవితమంతా చెప్పాడు. పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో, నరసరావుపేట సాయిబు ఎదుట కూడా. బాగా చెప్పేవాడు. అంబలి పొంగిన చోట అందరూ నవ్వేవాళ్ళు. ఆ కథలో ఆయన, కారు, బట్టీ మనుషులు ఉండేవాళ్ళు. నేను ఉండేదాన్ని కాదు. ఒకరిద్దరు "అసలు ఏడికి పోతా ఆగావు బాబాయ్?" అని అడిగారు. "ఏదో పని మీదలే" అనేవాడు.

వచ్చే దసరాకు వదిన బాలింత. కాకపోయినా, అప్పటికే నా వయసు గడిచిపోయింది. పెద్దావిడ మళ్ళీ మా ఊరు రాలేదు. వస్తే మేమేం చెప్పేవాళ్ళమో నాకు తెలియదు. కారు మాత్రం ఆ గచ్చుతోనే చాలాకాలం తిరిగింది.

ఆ దశమి రాత్రి నేను నిద్రపోయాను. అంత అలిసిపోయానని నాకు అప్పటిదాకా తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి పాలు పితికాను. వదిన పూజ గది ఊడ్చి, స్పానర్లను బంతిపూలలో నుంచి తీసి నాకు ఇచ్చింది. కుంకుమ తుడిచి సంచిలో సర్దాను. అన్నయ్య అరుగు మీద నుంచి, "అంబలి ఎండిపోయింది, కారు కడగవే" అని కేకేశాడు. నీళ్ళు తోడి కడిగాను. ఇత్తడి సందుల్లో ఇరుక్కున్న జొన్న గడ్డలను గోటితో తీశాను. తర్వాత మిగిలిన చింతపండు తీసుకొని బావి దగ్గర కూర్చొని నా పలక తోమాను. పొద్దెక్కేదాకా తోమాను. పైపైన కొంత లేచింది గాని గచ్చు మొత్తం పోలేదు. పలక మధ్యలో అరచెయ్యంత మేర రాయిలాగా ఉండిపోయింది. దాని మీద బలపం పట్టదు.

చట్రం గట్టిగానే ఉంది. కడిగి, ఎండబెట్టి, మజ్జిగ కుండ మీద మూతగా పెట్టాను. సరిగ్గా సరిపోయింది.